చూసిందా, విన్నదా, అనుకున్నదా? ఒక జిల్లా బాలల సంరక్షణ విభాగం నివేదికలు రాయడం మళ్లీ నేర్చుకున్న తీరు

కోస్తా ఆంధ్రలోని ఒక జిల్లాలో, అందరూ డీసీపీయూ అని పిలిచే బాలల సంరక్షణ విభాగం సిబ్బంది నెలకోసారి కూర్చుని తమ నివేదికలను తామే చదువుకోవడం మొదలుపెట్టారు. వాళ్లను కూర్చోబెట్టి చర్చ నడిపే పని నాది. ఏడాదికి పైగా సాగిన ఆ అభ్యాసమే ఈ కేస్ స్టడీకి విషయం. పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం కాబట్టి ఊళ్లు, వయసులు, బంధుత్వాలు కొంత మార్చాను. జిల్లా పేరు చెప్పడం లేదు.

రక్షణ అవసరమైన పిల్లలను ఎక్కడ ఉంచాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితికి మా నివేదికల మీద వచ్చిన విసుగుతో ఇదంతా మొదలైంది. సమితి సభ్యురాలు ఒకరు నివేదికల కట్టను బల్ల మీద ముందుకు తోసి, "ఏ ఊరు వెళ్లినా మీవాళ్లకు ఒకటే ఇల్లు కనిపిస్తోందండీ" అన్నారట. ఆ కట్ట నేనూ చదివాను. "కుటుంబ ఆర్థిక పరిస్థితి బాగాలేదు", "తల్లిదండ్రుల పర్యవేక్షణ కొరవడింది", "సంస్థలో ఉంచడం శ్రేయస్కరం". ఊరు మారినా పిల్లలు మారినా ఈ మూడు వాక్యాలు మాత్రం మారలేదు. ఒకదానిలో అయితే పాత ఫైలులోని పిల్లవాడి పేరు రెండో పేజీలో అలాగే మిగిలిపోయింది.

దీన్ని గుమాస్తా పొరపాటుగా కొట్టిపారేయడానికి వీల్లేదు. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం, రక్షణ అవసరమైన పిల్లలను ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. పిల్లల ఇంటి పరిస్థితి తెలుసుకునే సామాజిక విచారణ 15 రోజుల్లో ముగియాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి. సమితికి మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలున్నాయి. కానీ ఆ పిల్ల ఇంటిని సమితి చాలా సందర్భాల్లో నివేదికలోనే చూస్తుంది. అమ్మ దగ్గరికి పంపాలా, హోమ్‌లో ఉంచాలా అన్నది సోషల్ వర్కర్ రాసిన ఒకటిన్నర పేజీ మీద ఆధారపడి ఉంటుంది.

ఆ పేజీ రాసేవాళ్లు చదువుకోనివాళ్లేమీ కాదు. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) రోజుల్లో ఫీల్డ్‌వర్క్ చేసి, దాని మీద రికార్డు రాసి, ఆ రికార్డు మీద అధ్యాపకుల ఎర్ర సిరా చూసి వచ్చినవాళ్లే. ఉద్యోగంలో చేరాక ఆ ఎర్ర సిరా ఆగిపోతుంది. సమితి నివేదికను ఉత్తర్వు కోసం చదువుతుంది, అధికారి గడువు కోసం చదువుతారు. రాసినవారికి నేర్పడం కోసం చదివేవారు ఎవరూ ఉండరు. పర్యవేక్షణ అంటే పాలన, బోధన, అండ అనే మూడూ కలిసినదని తరగతిలో చదువుకున్నాం. జిల్లా కార్యాలయాల్లో మొదటిది మాత్రమే మిగిలింది.

మన దేశంలో సోషల్ వర్కర్లందరినీ నమోదు చేసి, నిరంతర అభ్యాసం అడిగే మండలి లేదు. పునరావాస రంగంలో భారత పునరావాస మండలి దగ్గర నమోదైనవారు రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలంటే ఐదేళ్లలో 100 పాయింట్ల శిక్షణ చూపించాలి. ఆరోగ్య అనుబంధ వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టం తన జాబితాలో మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను చేర్చింది. కాంట్రాక్టు మీద పిల్లల కేసులు చూసే మా వాళ్లను "ఈ ఏడాది ఏం నేర్చుకున్నారు?" అని అడిగినవారు ఎవరూ లేరు. ఇంగ్లండులో 2019 డిసెంబరు నుంచి ఈ వృత్తిని నియంత్రిస్తున్న సోషల్ వర్క్ ఇంగ్లండ్ ప్రతి ఒక్కరినీ ఏటా కనీసం రెండు అభ్యాసాలు నమోదు చేయమంటుంది. గంటల లెక్క అడగదు కానీ, ఆ రెండింటిలో ఒకటైనా తోటి వృత్తిపరులతో చర్చించినదై ఉండాలంటుంది. ఆ షరతును మేం అరువు తెచ్చుకున్నాం.

శిక్షణలు లేవని కాదు. ఏడాదికి ఒకటి రెండు ఉంటాయి. బ్యానరు, జ్యోతి ప్రజ్వలన, చట్టంలోని సెక్షన్లను తెర మీద ఒకదాని వెంట ఒకటి చూపించే వక్త, భోజనం, గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్. సెక్షన్లు తెలియడం మంచిదే. అయితే మా వాళ్లకు సెక్షన్లు నోటికి వచ్చు. తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డప్పుడు ఎవరిని అడగాలి, వాళ్లు చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలి, నమ్మినదాన్ని కాగితం మీద ఎలా పెట్టాలి అన్నవి ఏ హాల్లోనూ ఎవరూ చెప్పలేదు.

ఏర్పాటు

ముందుగా రోజు దొరకాలి. సమితి నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలని చట్టం. సమితి కూర్చున్న రోజున సోషల్ వర్కర్లు పిల్లల్ని తీసుకురావడం, ఫైళ్లు అందించడంలో ఉంటారు. మిగిలిన రోజుల్లో ఊళ్ల మీద ఉంటారు. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే పథకం మిషన్ వాత్సల్య నమూనాలో జిల్లా అంతటికీ ఇద్దరు సోషల్ వర్కర్లు, ఇద్దరు అవుట్‌రీచ్ వర్కర్లు, ఒక కౌన్సెలర్, సంస్థాగత, సంస్థేతర సంరక్షణలకు ఒక్కో ప్రొటెక్షన్ ఆఫీసర్, ఒక లీగల్ కం ప్రొబేషన్ ఆఫీసర్ ఉంటారు. వీళ్లందరినీ ఒక మధ్యాహ్నం ఒకే గదిలోకి తేవడం పెళ్లి ముహూర్తం కుదర్చడంలాంటిదే.

జిల్లా అధికారి చేసిన మేలు ఒకటుంది. ఈ సమావేశం విధుల్లో భాగమని ఒక మెమో ఇచ్చారు. ఆ చిన్న కాగితం లేకపోతే రెండో నెలకే ఇది ఆగిపోయేదని నా అభిప్రాయం. మెమో ఉంటే ప్రయాణ భత్యం వస్తుంది, "మీరెక్కడున్నారు?" అని ఫోను వస్తే చెప్పుకోవడానికి ఒక సమాధానం ఉంటుంది.

పద్ధతి చాలా మామూలు. ఒకరి నివేదికలోంచి పేర్లు తీసేసి ప్రతులు పంచుతాం. రాసినవారే పైకి చదువుతారు. మిగతావాళ్ల చేతుల్లో పెన్సిళ్లు ఉంటాయి. రాసినవారు స్వయంగా చూసిన విషయం కింద తిన్నని గీత. ఎవరో చెప్పగా విన్నదైతే గీత గీసి, చెప్పినది ఎవరో పక్కన రాయాలి. రాసినవారు అనుకున్నదైతే వంకర గీత. చదవడం అయ్యాక కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తాం. సమితి సభ్యులను పిలవం. విచారణలో ఉన్న ఫైలు మీద తీర్పు చెప్పేవారు ఆ చర్చలో ఉండకూడదు.

మొదటి సమావేశంలో కాగితాల నిండా వంకర గీతలే. కొందరు నవ్వారు, రాసినావిడ నవ్వలేదు. ఆ నివేదిక గురించే వివరంగా చెప్పాలి.

తాళం వేసిన ఇల్లు

పద్నాలుగేళ్ల అమ్మాయి. రాత్రి పెళ్లి జరగబోతోందని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను వచ్చింది. పోలీసులు, గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసు వెళ్లి ఆపారు. పెళ్లి ముప్పు ఉన్న బాలిక కూడా చట్టం దృష్టిలో రక్షణ అవసరమైన బాలికే కాబట్టి మర్నాడు సమితి ముందుకు తెచ్చారు. సమితి తాత్కాలికంగా హోమ్‌కు పంపి విచారణకు ఆదేశించింది. నివేదికలోని ముఖ్యభాగం ఇది: "తల్లి బాధ్యతారాహిత్యంగా ప్రవర్తిస్తోంది. బాలికపై పర్యవేక్షణ లేదు. బంధువులు సైతం తల్లి ప్రవర్తనపై అసంతృప్తి వ్యక్తం చేశారు. బాలికను సంస్థలో కొనసాగించడం శ్రేయస్కరం."

"మీరు వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరున్నారు?" అని అవుట్‌రీచ్ వర్కర్ అడిగాడు.

"ఎవరూ లేరండీ, తాళం ఉంది."

"ఎన్ని గంటలకు?"

"పదకొండు అయి ఉంటుంది. మళ్లీ సాయంత్రం సమితికి రావాలి కదా, ఉండలేకపోయాను."

"మరి తల్లి గురించి ఎవరు చెప్పారు మేడం?"

పక్కింటి పెద్దమ్మ చెప్పింది. తండ్రి చనిపోయాక ఆ కుటుంబానికి పెద్ద దిక్కు తానేనని ఆవిడే చెప్పుకుంది. మంచినీళ్లిచ్చి, కుర్చీ వేసి, అడగకపోయినా అన్నీ చెప్పింది. అప్పుడు లీగల్ ఆఫీసర్ ఫైలు వెనక్కి తిప్పి, పెళ్లి ఆపిన రోజు పోలీసులు రాసిన కాగితం చూశారు. ఆ సంబంధం కుదిర్చింది ఈ పెద్దమ్మే. ఆ కాగితం మొదటి నుంచీ ఫైలులోనే ఉంది.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ సోషల్ వర్కర్‌ను తప్పుపట్టే ఉద్దేశం ఎవరికీ లేదని చెప్పడం అక్కడ నా పని. ఉన్నది పదిహేను రోజుల గడువు, చేతిలో ఇంకా ఫైళ్లు, ఆ వైపు వెళ్లే బస్సు రోజుకు రెండుసార్లు. అలాంటప్పుడు కుర్చీ వేసి మాట్లాడేవారి మాటే నివేదికలోకి వస్తుంది. ఆ పరిస్థితిలో ఎవరు వెళ్లినా అదే రాసేవారు. "బంధువులు" అనే బహువచనం వెనుక ఒక్క మనిషి ఉందని, ఆ మనిషికి ఈ కేసులో సొంత ప్రయోజనం ఉందని తేలడం ఆ రోజు జరిగిన అసలు చదువు.

గడువు ఇంకా మిగిలి ఉంది. ఆమె మళ్లీ వెళ్లింది, ఈసారి ముందే ఫోను చేసి తల్లి ఇంట్లో ఉండే వేళకు. తల్లి రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. తెల్లవారకముందే వ్యాను వస్తుంది, తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతుంది. హైస్కూలు దూరమని కూతురు ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. "పిల్లను ఒక్కదాన్నీ ఇంట్లో వదిలి చీకటితోనే వెళ్తున్నాను. ఏదైనా జరిగితే లోకం నన్నే అంటుంది. పెళ్లి చేస్తే ఒక చోట ఉంటుందనుకున్నాను" అందట. ఈ మాటలను ఆమె ఉన్నవి ఉన్నట్టు నివేదికలో పెట్టింది. తల్లి చేయబోయింది చట్టరీత్యా నేరమే, దాన్నీ దాచలేదు. ఇంట్లో చూసినవి కూడా రాసింది. గోడకు మేకుకు తగిలించిన బడి సంచి, అందులో అట్టలు వేసిన పుస్తకాలు, తలుపుకు కొత్తగా వేయించిన లోపలి గడియ. "పర్యవేక్షణ లేదు" అన్న పాత వాక్యం పక్కన ఆ గడియను పెట్టి చూడండి.

సిఫారసూ మారింది. అమ్మాయిని తల్లికి అప్పగించాలని, మళ్లీ పెళ్లి ప్రయత్నం చేయనని తల్లి నుంచి హామీపత్రం తీసుకోవాలని, చదువు మానేసిన బాలికలకు వసతితో చదువు చెప్పే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్చాలని, అవుట్‌రీచ్ వర్కర్ క్రమం తప్పకుండా వెళ్లి చూడాలని రాసింది. సమితి దాన్ని ఆమోదించింది. పిల్లలను సంస్థలో ఉంచడం చివరి మార్గమే కావాలన్నది చట్టంలోని మూల సూత్రాల్లో ఒకటి. సెక్షన్ 3లో పదహారు సూత్రాలున్నాయి, శిక్షణల్లో అవన్నీ చదివి వినిపిస్తారు. ఈ ఒక్క సూత్రం ఒక ఇంటి గడియ దగ్గర అర్థమైంది.

స్పాన్సర్‌షిప్ దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. మిషన్ వాత్సల్య కింద భర్త లేని తల్లి పిల్లలకు నెలకు రూ. 4,000 ఇవ్వవచ్చు, గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం రూ. 72,000 దాటకూడదు. షెడ్డులో పని ఉన్న రోజు కూలీని నెలకు ముప్పై రోజులతో గుణించి సచివాలయంలో ఆదాయం లెక్క కట్టారు. పంట చెరువులు ఖాళీగా ఉన్న నెలల్లో షెడ్డుకు పిలుపు ఉండదు. ఆ నెలల సంగతి తల్లి చెప్పిందని ఒకచోట, వ్యాను డ్రైవరు చెప్పాడని ఇంకోచోట, ఎవరు చెప్పారో స్పష్టంగా రాసి ఉండటంతో దాన్ని మళ్లీ పరిశీలించమని అడగడానికి ఆధారం దొరికింది. ఆదాయపత్రం మారింది, జిల్లా ఆమోద కమిటీకి ఫైలు వెళ్లింది.

అభ్యంతరాలు

"రెండోసారి వెళ్లడానికి టైము ఎక్కడుంది సార్?" అని కౌన్సెలర్ అడిగారు. ఆవిడ ప్రశ్న న్యాయమైనది, దానికి నా దగ్గర ఉపన్యాసం లేదు. జవాబు అవుట్‌రీచ్ వర్కర్ దగ్గర దొరికింది. ఆయనకు ఏ ఊళ్లో ఏ పని ఎప్పుడు జరుగుతుందో తెలుసు. నాట్ల కాలంలో పగలు వెళ్తే ముసలివాళ్లే ఉంటారు, ఇటుక బట్టీల దగ్గరికి ఎండెక్కక ముందే వెళ్లాలి, రొయ్యల షెడ్డు ఊళ్లకు సాయంత్రం నాలుగు దాటాక వెళ్లాలి. ఆయన చెబుతుంటే సోషల్ వర్కర్లు రాసుకున్నారు. మొదటిసారే సరైన వేళకు వెళ్తే రెండోసారి అవసరం చాలాచోట్ల ఉండదు. పదో తరగతితో ఆపేసిన మనిషి ఎం.ఎస్.డబ్ల్యూ. చేసినవాళ్లకు ఆ మధ్యాహ్నం పాఠం చెప్పాడు. అంతకుముందు ఏ శిక్షణకూ ఆయన్ను పిలిచి ఉండరు, పిలిచినా వెనుక వరుసలో కూర్చోబెట్టి ఉంటారు.

ఇంకో అభ్యంతరం పైనుంచి వచ్చింది. విచారణ నివేదిక నమూనాలో కుటుంబ సంబంధాల గురించి గళ్లున్నాయి. తండ్రికి తల్లికి మధ్య, తండ్రికి బిడ్డకు మధ్య ఎలా ఉందో మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి: సఖ్యత ఉంది, సఖ్యత లేదు, తెలియదు. పాత నివేదికల్లో "తెలియదు" దగ్గర టిక్కు దాదాపు కనిపించదు. ఒక్కసారి గుమ్మంలో నిలబడి మాట్లాడి వచ్చినవారికి భార్యాభర్తల సఖ్యత ఎలా తెలుస్తుంది? పెన్సిలు గీతలు అలవాటయ్యాక "తెలియదు" టిక్కులు పెరిగాయి. దాంతో నివేదికలు అసంపూర్తిగా ఉంటున్నాయని వ్యాఖ్య వచ్చింది. తెలియదని రాసిన చోట, ఎందుకు తెలియలేదో, ఎవరిని కలిస్తే తెలుస్తుందో ఒక వాక్యం రాయడం మొదలుపెట్టాక ఆ వ్యాఖ్య ఆగింది. ఈ ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చిన మార్పు ఇది.

రైల్వే స్టేషనులో దొరికిన ఒక అబ్బాయి నివేదికలో "అబద్ధాలు చెప్పే స్వభావం గలవాడు" అని ఉంది. మూడుసార్లు అడిగితే మూడు ఊళ్ల పేర్లు చెప్పాడు కాబట్టి అలా రాశారు. వాడిది ఒడియా, మధ్యలో మాట్లాడిపెట్టింది ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే మనిషి, తనకు వచ్చిన హిందీలో. పిల్లల గురించి నింద మోపే మాటలు వాడకూడదన్నదీ ఆ పదహారు సూత్రాల్లో ఒకటే. భాష తెలిసిన మనిషిని తెచ్చి కూర్చోబెడితే, ఇంతకుముందు ఒకసారి ఇంటికి పంపితే ఏం జరిగిందో వాడు చెప్పాడు. ఊరి పేరు ఎందుకు దాచాడో అర్థమైంది. "స్వభావం" అనే మాటను ఆ తర్వాత ఎవరూ రాయలేదు.

పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో కేసుల్లో బాధిత పిల్లలకు తోడుగా వెళ్లే సిబ్బంది ఉన్న నెల సమావేశం వేరేగా నడిచింది. పెన్సిళ్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. కోర్టు వరండాలో ఒక చిన్నపిల్ల పక్కన గంటల తరబడి కూర్చుని ఇంటికి వెళ్లి వంట చేయాల్సిన మనిషికి ఆ రోజు కావలసింది నివేదిక పాఠం కాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్న సంవాద్ బృందం పిల్లల సంరక్షణ సిబ్బందికి మానసిక ఆరోగ్యం మీద శిక్షణ ఇస్తుంది. ఆన్‌లైన్‌లో జరిగిన వాళ్ల తరగతికి ఒకరు వెళ్లి, విన్నదాన్ని మాకు తిరిగి చెప్పే బదులు, తన దగ్గరున్న ఒక ఫైలుకు అన్వయించి చూపించింది. బయటి శిక్షణకు ఎవరు వెళ్లినా అలాగే చేయాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాం. వినడానికి చిన్నదే కానీ, శిక్షణకు వెళ్లి ఫోను చూసుకుంటూ కూర్చునే అలవాటుకు దీన్ని మించిన మందు నేను చూడలేదు.

నిలిచినవి, నిలవనివి

సమితి నుంచి తిరిగి వచ్చే నివేదికలు తగ్గాయి. దాన్ని మా గొప్పగా చెప్పుకోవడానికి వెనుకాడతాను. సభ్యుల పదవీకాలం మూడేళ్లు, మధ్యలో కొత్త సమితి వచ్చింది. కొత్తవాళ్లు ఓపికమంతులు కావచ్చు. నివేదికల్లో వచ్చిన మార్పు మాత్రం కాగితం మీద కనిపిస్తోంది. ఎవరు చెప్పారో ఉంటోంది, ఏ వేళకు వెళ్లారో ఉంటోంది, ఒకే వాక్యం రెండు ఫైళ్లలో కనిపించడం అరుదైంది.

మనుషులు నిలవలేదు. బాగా రాయడం మొదలుపెట్టిన ఇద్దరు వేరే ఉద్యోగాలకు వెళ్లారు. కాంట్రాక్టు ఏటా రెన్యూవల్ కోసం ఎదురుచూసేచోట ఎవరినీ తప్పుపట్టలేం. మెమో ఇచ్చిన అధికారి బదిలీ అయ్యారు, కొత్తగా వచ్చినవారికి ఇది సమయం వృథాగా తోచింది. కొన్ని నెలలు సమావేశాలు జరగలేదు. తర్వాత సిబ్బందే మెమో లేకుండా, భత్యం లేకుండా, సమితి ముగిసిన ఒక సాయంత్రం మళ్లీ కూర్చున్నారు. నన్ను పిలవలేదు, మూడో సమావేశం తర్వాత తెలిసింది. వాళ్ల ఉత్సాహం నాకు సంతోషాన్నిచ్చినా, సొంత డబ్బుతో సొంత సమయంలో చేసే అభ్యాసం మీద ఒక వ్యవస్థను నిలబెట్టడం అన్యాయమనే నేను అంటాను.

ఇప్పుడు ఒక్కొక్కరూ ఏడాది చివర ఒక పేజీ రాస్తున్నారు: ఏ కేసు వల్ల తమ పని తీరులో ఏం మారింది, దాన్ని ఎవరితో చర్చించారు. ఇంటర్వ్యూల్లో సర్టిఫికెట్లకు ఉన్న విలువ ఈ పేజీకి లేదు. కాంట్రాక్టు రెన్యూవల్ సమయంలో హాజరు, గడువుల లెక్కతో పాటు ఈ పేజీని కూడా చూడాలని, నెలకు ఒక పూటను అభ్యాసానికి విధిగా కేటాయించాలని శాఖకు రాశాం. ఆ ఉత్తరం మీద సంతకం చేసినవాళ్లలో మొదటి పేరు అవుట్‌రీచ్ వర్కర్‌ది. జవాబు రావాల్సి ఉంది.